చాక్లెట్లో వేసే పీజీపీఆర్ అనే ఎమల్సిఫయర్ (చాక్లెట్ సులువుగా పారేలా చేసేది) బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, లైసెన్సులు ఏం కావాలి?

కోకోతోట_ఏలూరు:

అందరికీ నమస్కారం. మాది ఏలూరు జిల్లా. కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో కోకో అంతరపంటగా వేసే ఊళ్లే అన్నీ. నాన్నగారి రోజుల నుంచీ గింజలు ఎండబెట్టి కంపెనీల వాళ్లకి తూకం వేసి ఇచ్చేయడమే తెలుసు మాకు. తర్వాత నేనూ మా బావా కలిసి చిన్న యూనిట్ పెట్టాం. డార్క్, మిల్క్ బార్లు కొంచెం, బేకరీలకి కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసే) స్లాబులు ఎక్కువ. అన్నీ కలిపి నెలకి 5 టన్నులు దాటదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) స్టేట్ లైసెన్స్ ఉంది, తయారీకి.

సమస్య ఏంటంటే మాస్ (కరిగిన చాక్లెట్ ముద్ద) చిక్కగా ఉంటోంది. అచ్చుల్లో పోస్తే మూలలకి సరిగ్గా చేరదు, తట్టినా బుడగలు పోవు, బిస్కెట్ మీద కోటింగ్ వేస్తే మందంగా పడి సరుకు ఎక్కువ ఖర్చవుతోంది. కోకో బటర్ పెంచితే పల్చబడుతుంది గానీ 2024లో కోకో రేటు టన్ను 10,000 డాలర్లు దాటినప్పుడు తగిలిన దెబ్బ ఇంకా మర్చిపోలేదు, రేటు దిగినా సరే బటర్ ఎక్కువ వేయాలంటే చెయ్యి రావట్లేదు. సోయా లెసిథిన్ పెంచి చూశాం, కొంతవరకూ బాగుంది, ఆ పైన ఇంకా జిగటగా తయారైంది. అందరూ పీజీపీఆర్ వెయ్యండి అంటున్నారు. చెన్నైలో ఒక డీలర్ దగ్గర 25 కిలోల క్యాన్లు దొరుకుతున్నాయి గానీ రేటు మాకు బాగా ఎక్కువ అనిపించింది.

ఈలోగా ఒక బీ2బీ సైట్లో ఎంక్వైరీ పెడితే చైనా నుంచి ఒక ట్రేడర్ వాట్సాప్‌లో కోట్ పంపాడు. 200 కిలోల డ్రమ్ము, చెన్నై రేటులో సగం చిల్లర. సరుకు పేరు పాలీగ్లిజరిల్-6 పాలీరిసినోలియేట్ అని రాశాడు, ఫుడ్ గ్రేడ్ అంటున్నాడు, ఒక పేజీ సీవోఏ (ల్యాబ్ పరీక్షల సర్టిఫికెట్) కూడా ఇచ్చాడు. హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకం చెప్పే నంబర్) ఏది వేస్తావని అడిగితే మీకు ఏది అనుకూలమో చెప్పండి అదే వేస్తా అన్నాడు, మనిషి బాగా సహకరిస్తున్నాడు.

నా డౌట్లు: మా తయారీ లైసెన్స్ మీదే తెప్పించుకోవచ్చా, మేమే వాడుకుంటాం, అమ్మం కదా? ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ల్యాబ్ టెస్టు అన్నీ ఒక్క డ్రమ్ముకి కూడా ఉంటాయా? వైజాగ్‌కి తెప్పించుకోవడం మంచిదా, చెన్నైకా? ఇంకొకాయన ఫారిన్ ఫ్యాక్టరీని కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐలో రిజిస్టర్ చేయించాలని చెప్పి టెన్షన్ పెట్టాడు, అది నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

బిల్_ఆఫ్_ఎంట్రీ:

చెన్నైలో కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చేస్తాను, ఫుడ్ కన్‌సైన్‌మెంట్లే ఎక్కువ చూస్తాం. ముందు ఆ హెచ్ఎస్ కోడ్ మాట గురించి చెప్పాలండి. ఏ కోడ్ కావాలంటే అది వేస్తా అనే సప్లయర్‌ని సహకరించే మనిషి అనుకోకండి. కోడ్ తప్పైతే ఆయనకి పోయేది ఏమీ లేదు. కస్టమ్స్ చట్టంలో సెల్ఫ్ అసెస్‌మెంట్ అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి డిక్లరేషన్) మీద సంతకం పెట్టే ఇంపోర్టర్‌దే బాధ్యత. డ్యూటీ తేడా, వడ్డీ, పెనాల్టీ అన్నీ మీ మెడకే.

లెసిథిన్‌తో ఈ గొడవ లేదు, 2923 20 కింద పేరుతో సహా ఉంది. పీజీపీఆర్‌కి అలా పేరు రాసి పెట్టిన లైన్ లేదు, దాని కెమిస్ట్రీ చూసుకుని ఏ చాప్టర్‌లో కూర్చుంటుందో తేల్చుకోవాలి. రెగ్యులర్‌గా తెప్పించే ఆలోచన ఉంటే అడ్వాన్స్ రూలింగ్‌కి (కోడ్ ఏదో ముందే తేల్చి చెప్పే తీర్పు) వెళ్లొచ్చు, 28హెచ్ సెక్షన్ కింద, ఢిల్లీలోనూ ముంబైలోనూ అథారిటీలు ఉన్నాయి. ఒక్క డ్రమ్ము కోసం ఎవరూ అంత దూరం వెళ్లరనుకోండి. ఇండస్ట్రియల్ కెమికల్ అని డిక్లేర్ చేసేసి, ఎఫ్ఎస్ఎస్ఏఐ దాకా వెళ్లకుండా బయటికి తెచ్చేద్దాం అనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు, రాసిపెట్టుకోండి. అలా వచ్చిన సరుకు రేపు మీ స్టోర్‌లో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ చూస్తే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

ఇక లైసెన్స్. తయారీ లైసెన్స్ సరిపోదు. సొంత వాడకానికైనా సరే, వ్యాపార అవసరానికి ఫుడ్ గానీ ఇంగ్రీడియెంట్ గానీ ఎడిటివ్ గానీ దిగుమతి చేసుకుంటే ఇంపోర్టర్‌గా సెంట్రల్ లైసెన్స్ ఉండాలి. ఫోస్‌కోస్ పోర్టల్‌లోనే అప్లై చేయాలి, ఐఈసీలో ఏ అడ్రస్ ఉందో ఆ అడ్రస్ మీద. ఐఈసీ అంటే డీజీఎఫ్‌టీ ఇచ్చే ఇంపోర్టర్ ఎక్స్‌పోర్టర్ కోడ్, అది లేకపోతే ముందు అది. చాలామంది ఐఈసీ ఇంటి అడ్రస్ మీద తీసుకుని లైసెన్స్ ఫ్యాక్టరీ అడ్రస్ మీద అడుగుతారు, అక్కడే ఆగిపోతుంది.

2017 ఇంపోర్ట్ రెగ్యులేషన్స్ ప్రకారం దారి ఇదీ: మేం కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తే సింగిల్ విండో ద్వారా అది ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల క్లియరెన్స్ సిస్టమ్‌లోకి పోతుంది. అక్కడ కాగితాలు చూస్తారు, ఫీజు కడితే ఇన్‌స్పెక్షన్‌కి టైం ఇస్తారు, ఆథరైజ్డ్ ఆఫీసర్ వచ్చి లేబుల్, డేట్లు చూసి శాంపిల్ తీస్తారు. రెండు భాగాలు తీస్తారు, ఒకటి ల్యాబ్‌కి, రెండోది దాచి ఉంచుతారు, మొదటిది ఫెయిలై మీరు అప్పీల్ చేస్తే రెండోది రెఫరల్ ల్యాబ్‌కి పంపడానికి. రిస్క్‌ని బట్టి శాంపిల్ తీయకుండా వదిలే పద్ధతి కూడా ఉంది గానీ కొత్త ఇంపోర్టర్, కొత్త సప్లయర్ అయితే తీస్తారనే లెక్క వేసుకోండి. రిపోర్టు బాగుంటే ఎన్ఓసీ, లేకపోతే ఎన్‌సీఆర్, అంటే తిరస్కరణ రిపోర్టు. ఒక డ్రమ్ముకీ ఇదే, వంద డ్రమ్ములకీ ఇదే.

మీకు అసలు తేడా పడేది ఇక్కడే. ల్యాబ్ ఫీజు, బ్రోకరేజీ, సీఎఫ్ఎస్ (పోర్టు దగ్గర సరుకు దించి ఉంచే గోడౌన్) చార్జీలు, డెలివరీ ఆర్డర్ చార్జీలు, ఇవి కిలోల లెక్కన తగ్గవు. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా సరుకు సీఎఫ్ఎస్‌లో కూర్చుంటే దానికీ అద్దె. ఆ వాట్సాప్ రేటు కింద ఇవన్నీ రాసి 200తో భాగించి చూడండి, చెన్నై డీలర్ మీద కోపం చాలావరకు తగ్గుతుంది. ఐజీఎస్టీ మాత్రం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, దాన్ని ఖర్చులో కలపకండి. బేసిక్ డ్యూటీ, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ మాత్రం తిరిగి రాదు.

పోర్టు సంగతి. ఫుడ్ ఎక్కడ పడితే అక్కడ దిగడానికి లేదు, నోటిఫై చేసిన ఎంట్రీ పాయింట్లలోనే దిగాలి. ఒకటి రెండు డ్రమ్ములంటే ఫుల్ కంటైనర్ కాదు కాబట్టి ఎల్‌సీఎల్‌లో (ఇతరుల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో) వస్తుంది, ఎల్‌సీఎల్‌కి చెన్నైయే సులువు. మీకు దగ్గర కదా అని వైజాగ్ పెట్టుకోకండి, లారీ కిరాయి మిగిలింది ఇంకోచోట పోతుంది.

ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ అని మిమ్మల్ని భయపెట్టినాయన సగం విని చెప్పాడు. అది 2023 ఫిబ్రవరి నుంచి ఉంది, నిజమే, కానీ పాల ఉత్పత్తులు, మాంసం, గుడ్డు పొడి, పసిపిల్లల ఆహారం, న్యూట్రాస్యూటికల్స్ లాంటి వాటికి. ఎమల్సిఫయర్ ఆ జాబితాలో లేదు.

కాంచ్_మెషిన్:

బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివాను, ఇప్పుడు ఒక చాక్లెట్ ప్లాంట్‌లో ప్రాసెస్ చూస్తున్నాను. పైన బ్రోకర్ గారు కాగితాల గురించి అంతా చెప్పారు, నాకు మాత్రం ఆ కోట్‌లో సరుకు పేరు దగ్గరే ఆగిపోయింది చూపు.

పాలీగ్లిజరిల్-6 పాలీరిసినోలియేట్ అనేది కాస్మెటిక్స్ వాళ్లు వాడే పేరు. క్రీములు, లోషన్లు, మేకప్ తయారుచేసేవాళ్లు కొంటారు. అదీ, మనం చాక్లెట్‌లో వేసే పీజీపీఆర్ రెండూ ఒకే కుటుంబం, ఆముదం నుంచి వచ్చే రిసినోలిక్ యాసిడ్‌ని పాలీగ్లిజరాల్‌తో కలిపినవే. తేడా ఆ 6 అంకెలో ఉంది. గ్లిజరాల్ ముక్కలు ఎన్ని గొలుసుగా కలిశాయో చెప్పే అంకె అది. ఆహారంలో వాడే పీజీపీఆర్‌కి, అంటే ఐఎన్ఎస్ (ఎడిటివ్‌ల అంతర్జాతీయ నంబర్) 476కి, జెక్ఫా (ఆహార ఎడిటివ్‌ల అంతర్జాతీయ నిపుణుల కమిటీ) స్పెసిఫికేషన్ ప్రకారం పాలీగ్లిజరాల్ భాగంలో కనీసం 75 శాతం రెండు, మూడు, నాలుగు ముక్కలవే ఉండాలి, ఏడూ ఆ పైవి 10 శాతం మించకూడదు. సగటున ఆరు ఉన్న సరుకు ఆ గీత లోపల ఉండటం కష్టం. ఆయన ఫుడ్ గ్రేడ్ అన్నా, సీవోఏ మీద స్టాంపు వేసినా ఆ గొలుసు పొడవు మారదు.

ఆ ఒక్క పేజీ సీవోఏలో ఏముందో చూడండి. రంగు, వాసన, జిగట ఇంతే రాసి ఉంటే అది చాక్లెట్ వాడి కోసం తయారైన కాగితం కాదు. యాసిడ్ వాల్యూ 6 లోపు, హైడ్రాక్సిల్ వాల్యూ 80 నుంచి 100 మధ్య, అయోడిన్ వాల్యూ 72 నుంచి 103 మధ్య, సీసం కిలోకి 1 మిల్లీగ్రామ్ లోపు, పాలీగ్లిజరాల్ వివరం, ఇవన్నీ ఉండాలి, బ్యాచ్ నంబర్ డ్రమ్ము మీద ఉన్నదానితో కలవాలి. ఒక బ్యాచ్ సీవోఏని అన్ని బ్యాచ్‌లకీ తేదీ మార్చి పంపేవాళ్లు ఉంటారు, అంకెలు దశాంశాలతో సహా ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే.

ఇక మీ అసలు జబ్బు. చాక్లెట్ ప్రవాహంలో రెండు వేర్వేరు లక్షణాలు ఉంటాయి. కదలడం మొదలవ్వడానికి కావాల్సిన తోపుడు ఒకటి, దీన్ని యీల్డ్ వాల్యూ అంటాం. కదిలాక ఎంత చిక్కగా పారుతుందనేది ఇంకొకటి, ప్లాస్టిక్ విస్కాసిటీ. లెసిథిన్ తక్కువ మోతాదులో రెండిటినీ తగ్గిస్తుంది, 0.4, 0.5 శాతం దాటితే విస్కాసిటీ ఇంకా కొంచెం తగ్గినా యీల్డ్ మళ్లీ పెరగడం మొదలవుతుంది. మీకు జిగటగా తయారైందన్నది అదే. పీజీపీఆర్ యీల్డ్‌ని గట్టిగా పడగొడుతుంది, విస్కాసిటీ జోలికి పెద్దగా పోదు. అందుకే బుడగలు పైకి వచ్చేస్తాయి, అచ్చు మూలలు నిండుతాయి. ఒంటరిగా వాడరు, లెసిథిన్ 0.3 దగ్గర ఉంచి పీజీపీఆర్ 0.1 నుంచి 0.2 వేసి చూడండి, కాంచింగ్ (మాస్‌ని వేడి మీద గంటల తరబడి కలియతిప్పడం) ఆఖర్లో. బిస్కెట్ కోటింగ్‌కి మరీ ఎక్కువ వేస్తే ఒంటి మీద నిలవకుండా జారి కింద పాదాల్లా గడ్డకడుతుంది, అదీ ఇబ్బందే.

కానీ డ్రమ్ము కొనే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీది స్టోన్ మెలాంజర్ అనుకుంటున్నా. మన ఇడ్లీపిండి వెట్ గ్రైండర్‌నే కాస్త మార్చి ప్రపంచమంతా చిన్న చాక్లెట్ తయారీదారులు వాడుతున్నారు, ఆ గొప్ప మనదే గానీ అది మూత తీసి తిరిగే యంత్రం. గోదావరి జిల్లాల వానాకాలపు గాలిలో గంటల తరబడి తిరిగితే తేమ పట్టేస్తుంది, చక్కెర, పాలపొడి రెండూ తేమని లాగుతాయి. మాస్‌లో తేమ 1 శాతం దాటిందంటే ఏ ఎమల్సిఫయర్ వేసినా డబ్బు దండగ. రెండోది నూరుడు. బాగా మెత్తగా ఉండాలని అదే పనిగా తిప్పేస్తారు, 20 మైక్రాన్ల కిందికి పోయేకొద్దీ రేణువుల ఉపరితలం పెరిగి ఉన్న కొవ్వంతా దానికే సరిపోతుంది. మైక్రోమీటర్ పెట్టి కొలవండి, 20, 25 మధ్య ఆపండి. గదిలో డీహ్యూమిడిఫయర్ పెట్టండి. ఆ తర్వాత కూడా చిక్కగా ఉంటే అప్పుడు పీజీపీఆర్.

పాలమూరు_చల్క:

నేను చాక్లెట్ మనిషిని కాదన్నా, ఆముదం పేరు కనబడితే ఆగిన. మా పాలమూరు, నల్గొండ చల్క భూముల్లో ఆముదం ఎన్ని ఏండ్ల నుంచి వేసినమో లెక్క లేదు. పాలెంలో దాని మీద పరిశోధన చేసే స్టేషన్ ఉంది, రాజేంద్రనగర్‌లో నూనెగింజల సంస్థ ఉంది. ప్రపంచంలో ఆముదం ఎక్కువ పండేది మన దేశంలోనే, ఇప్పుడు గుజరాత్‌దే పెద్ద వాటా. ఇక్కడి నూనె ఓడ ఎక్కి పోయి, అక్కడ ఏదో కలిపి డ్రమ్ముల్లో పోసి మళ్లీ మనకే అమ్ముతుంటే దాన్ని తెచ్చుకోవడానికి ఇన్ని లైసెన్సులా? మన దేశంలో దీన్ని తయారుచేసేటోళ్లు ఎవరూ లేరా?

కాంచ్_మెషిన్:

ఉన్నారన్నా. ముంబై వైపు ఫుడ్ ఎమల్సిఫయర్లు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి, పీజీపీఆర్ కూడా చేస్తారు, ఎగుమతి కూడా చేస్తారు. వాళ్ల డిస్ట్రిబ్యూటర్ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో దొరుకుతాడు, కోకోతోట గారు ముందు అక్కడ అడగాల్సింది. లెసిథిన్ అయితే మరీ, మన సోయా జన్యుమార్పిడి లేనిది కాబట్టి యూరప్ వాళ్లే మన దగ్గర కొనుక్కుంటారు. మనవాళ్లకేమో ఇంపోర్టెడ్ అంటే ఒక మోజు.

కోకోతోట_ఏలూరు:

అందరికీ చాలా థాంక్సండి. కాంచ్_మెషిన్ గారూ, మీరు చెప్పాక సీవోఏ మళ్లీ తీసి చూశా. మీరన్నట్టే రంగు, వాసన, యాసిడ్ వాల్యూ, అంతే. హైడ్రాక్సిల్ లేదు, పాలీగ్లిజరాల్ వివరం లేదు. అడిగితే ఇది అందరికీ అమ్ముతున్నాం బాగానే ఉందంటున్నారు అని ఒక బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. అతన్ని వదిలేస్తున్నా. మెలాంజర్ సంగతి కూడా కరెక్టే, ఏసీ ఉంది గానీ డీహ్యూమిడిఫయర్ లేదు.

అయినా మలేషియా నుంచి ఇంకొక కంపెనీ కోట్ ఉంది, స్పెసిఫికేషన్ అంతా పద్ధతిగా ఇచ్చారు, శాంపిల్ కూడా పంపుతామంటున్నారు. శాంపిల్‌కి కూడా ఎన్ఓసీ కావాలా? ఇంకో విషయం, మా రేపర్ మీద మొదటి నుంచీ నూటికి నూరు శాతం సహజమైనది అని ఉంటుంది, కింద ఇంగ్రీడియెంట్లలో ఎమల్సిఫయర్ అని ఒక్క మాట రాస్తున్నాం. 476 వేస్తే ఏమైనా మార్చాలా? కస్టమర్లు ఆముదం అని గూగుల్‌లో చూసి గొడవ చేస్తారేమో అని కూడా బెంగగా ఉంది. చిన్నపిల్లలు తినేది కదా.

లేబుల్_అక్క:

హైదరాబాద్‌లో చిన్న ఫుడ్ యూనిట్లకి లేబుళ్లు, లైసెన్సుల పని చేస్తుంటాను. రేపర్ మార్చాలి తమ్ముడూ, 476 వేసినా వేయకపోయినా మార్చాలి.

సహజమైనది అనే మాటకి 2018 క్లెయిమ్స్ రెగ్యులేషన్స్‌లో షరతులున్నాయి. ఏమీ కలపని, ప్రకృతిలో దొరికిన ఒకే ఆహారానికి వాడుకునే మాట అది, లెసిథిన్ వేసిన బార్‌కి కూడా పనికిరాదు. నూటికి నూరు అనేది దాని మీద ఇంకో తలనొప్పి. ఆ లైను తీసేసి ఏలూరు జిల్లా కోకో అని రాయండి, అది నిజం, అమ్ముడయ్యేదీ అదే. ఎమల్సిఫయర్ అని ఒక్క ముక్క రాస్తే కుదరదు, 2020 లేబులింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం ఏ పనికి వేశారో ఆ క్లాసు పేరు, దానితో పాటు ఎడిటివ్ పేరు గానీ ఐఎన్ఎస్ నంబర్ గానీ ఉండాలి. ఎమల్సిఫయర్లు, బ్రాకెట్‌లో ఐఎన్ఎస్ 322, ఐఎన్ఎస్ 476, అలా. లెసిథిన్ సోయాది కాబట్టి అలర్జీ లైనులో సోయా రావాలి, మిల్క్ బార్‌కి పాలు కూడా. కాంపౌండ్ స్లాబుల మీద చాక్లెట్ అనే పేరు పెట్టొద్దు. చాక్లెట్‌లో కోకో బటర్ కాకుండా వేరే వనస్పతి కొవ్వు 5 శాతం మించకూడదు, మించితే అది వేరే కేటగిరీ. బేకరీల వాళ్లు ఎలా రాసుకుంటే మాకేం అనుకోకండి, బ్యాగు మీద మీ పేరే ఉంటుంది.

మోతాదు. చాక్లెట్‌లో 476 కిలోకి 5 గ్రాములు దాటకూడదు, ఎమల్సిఫయర్లన్నీ కలిపి 15 గ్రాములు. ఇది కోడెక్స్‌లో (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ఉన్న లెక్కే, మన ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎడిటివ్‌ల పట్టిక అపెండిక్స్ ఏ కూడా అదే దారిలో ఉంటుంది, ఆ పట్టికలు తరచూ సవరిస్తుంటారు కాబట్టి కాంపౌండ్‌కి మీ కేటగిరీ నంబర్ చూసుకుని తాజా వెర్షన్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 19 చాలా సూటిగా ఉంటుంది, రెగ్యులేషన్‌లో చెప్పిన ఎడిటివ్, చెప్పిన ఆహారంలో, చెప్పినంత. చాక్లెట్‌కి అనుమతి ఉంది కదా అని రేపు మీ బావగారు దాన్ని ఐస్‌క్రీమ్‌లోనో బిస్కెట్ పిండిలోనో వేస్తానంటే మళ్లీ పట్టిక చూడాల్సిందే. బయట దేశంలో ఓకే కాబట్టి ఇక్కడా ఓకే అనే వాదన కూడా చెల్లదు. శీతల పానీయాల్లో వేసే బ్రోమినేటెడ్ వెజిటబుల్ ఆయిల్‌ని మన దగ్గర 1990లోనే ఆపేశారు, అమెరికాలో అనుమతి తీసేసింది 2024లో.

పిల్లల సంగతి అడిగావు. రోజూ జీవితాంతం తీసుకున్నా ఫర్వాలేదు అనే మోతాదుని జెక్ఫా 1973లో శరీర బరువులో కిలోకి 7.5 మిల్లీగ్రాములుగా పెట్టింది, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో మళ్లీ పరిశీలించి 25కి పెంచింది. పాత కఠినమైన లెక్కే తీసుకుందాం. 20 కిలోల పిల్లాడికి 150 మిల్లీగ్రాములు. చట్టం ఒప్పుకున్న గరిష్ఠ మోతాదు వేసిన చాక్లెట్ అయితే 30 గ్రాములు తింటే అక్కడికి చేరుతాడు. కాంచ్_మెషిన్ చెప్పిన మోతాదుకి మధ్యలో, 0.15 శాతం దగ్గర ఉంటే 100 గ్రాములు తినాలి, అది కూడా ప్రతిరోజూ. కొత్త లెక్కలో ఇంకా మూడు రెట్లకి పైగా వెసులుబాటు. అందుకే గరిష్ఠం 0.5 ఉంది కదా అని 0.5 వేయకండి అని నేను అందరికీ చెప్తుంటా. కస్టమర్ అడిగితే ఆముదం నుంచి తయారైందని దాచకుండా చెప్పండి, ఇంత మోతాదు వేస్తామని కూడా చెప్పండి.

శాంపిల్ విషయం: ఆర్ అండ్ డీ కోసం తెప్పించుకునేదానికి ఇంపోర్ట్ రెగ్యులేషన్స్‌లో వేరే దారి ఉంది, డిక్లరేషన్ ఇవ్వాలి. దానితో చేసిన బార్లు అమ్మకూడదు, నలుగురికీ పంచి మార్కెట్ టెస్ట్ అనకూడదు. కొరియర్‌లో గిఫ్ట్ అని రాయించుకోవద్దు.

బిల్_ఆఫ్_ఎంట్రీ:

మలేషియా సరుకు తెప్పించుకోవాలనే ఉంటే లేబుల్ గురించి ఒక మాట, ఎక్కువ ఆగిపోయేది దాని దగ్గరే. ఇంపోర్టర్ పేరు, అడ్రస్, ఎఫ్ఎస్ఎస్ఏఐ లోగో, లైసెన్స్ నంబర్, వెజ్ గుర్తు లాంటివి ఇక్కడికి వచ్చాక బాండెడ్ వేర్‌హౌస్‌లో ఊడని స్టిక్కర్ వేసి సరిచేయనిస్తారు. బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లోపల ఏముందనే వివరం డ్రమ్ము మీద లేకపోతే స్టిక్కర్‌తో పని జరగదు, అక్కడే రిజెక్ట్. అందుకని షిప్ చేసే ముందు డ్రమ్ము లేబుల్ ఫోటో తెప్పించుకుని మీ సీహెచ్ఏకి (కస్టమ్స్ బ్రోకర్) చూపించండి. దిగే నాటికి షెల్ఫ్ లైఫ్ 60 శాతం లేదా మూడు నెలలు, రెండిట్లో ఏది తక్కువో అంత మిగిలి ఉండాలి. మొత్తం ఒకే బ్యాచ్ ఇవ్వమనండి, రెండు బ్యాచ్‌లంటే రెండు శాంపిళ్లు, రెండు ఫీజులు. వెజిటబుల్ ఆరిజిన్ సర్టిఫికెట్ కూడా అడగండి. పీజీపీఆర్‌కి రిసినోలిక్ ఆముదానిదే అయినా గ్లిజరాల్ ఎక్కడిదనే ప్రశ్న ఉంటుంది, మీ పచ్చ చుక్క దాని మీదే ఆధారపడుతుంది.

కాంచ్_మెషిన్:

అసలు లెక్క ఎవరూ వేయలేదు. నెలకి 5 టన్నులు, 0.15 శాతం అంటే ఏడున్నర కిలోలు. 200 కిలోల డ్రమ్ము రెండేళ్లకి పైనే వస్తుంది, దాని షెల్ఫ్ లైఫే దగ్గర దగ్గర అంతవరకు ఉండొచ్చు, తెరిచిన డ్రమ్ము అయితే చెప్పక్కర్లేదు. 25 కిలోల క్యాన్ ఒకటి మీకు మూడు నెలలు. కిలో రేటు సగమే కావచ్చు, క్యాన్ మీద మీకు మిగిలేది ఎంత, కోకో బటర్ ఒక శాతం తగ్గిస్తే మిగిలేది ఎంత, రెండూ పక్కపక్కన రాసుకోండి.

కోకోతోట_ఏలూరు:

లెక్క చూశాక ఇక ఏం మాట్లాడతానండి. ముంబై సరుకు ఎవరి దగ్గర దొరుకుతుందో హైదరాబాద్‌లో కనుక్కుంటున్నా, ఈలోగా డీహ్యూమిడిఫయర్ కొటేషన్లు అడిగా. ఇంకొక్క డౌట్. మా చుట్టుపక్కల మాలాంటి యూనిట్లు ఇంకా ఉన్నాయి, మేమంతా కలిసి ఒక డ్రమ్ము తెప్పించుకుని తలా కొంచెం పంచుకుంటే?

లేబుల్_అక్క:

పంచుకోవడం అంటే చట్టం దృష్టిలో అమ్మడమే తమ్ముడూ, డబ్బులు చేతులు మారితే బిల్లు కావాలి. డ్రమ్ము తెరిచి చిన్న క్యాన్లలో పోస్తే అది రీప్యాకింగ్, దానికి లైసెన్స్‌లో రీప్యాకర్‌గా ఉండాలి, ప్రతి క్యాన్ మీదా ఎడిటివ్ పేరు, ఐఎన్ఎస్ నంబర్, బ్యాచ్, తేదీలు ఉండాలి. వాటర్ బాటిల్లో పోసి బైకు మీద పంపిస్తే అవతలి యూనిట్‌లో ఇన్‌స్పెక్షన్ జరిగిన రోజు ఇద్దరూ ఇరుక్కుంటారు. అందరూ కలిసి డీలర్‌కి ఒకేసారి ఆర్డర్ ఇచ్చి రేటు తగ్గించుకోండి, సీల్ తీయని క్యాన్లు ఎవరి పేరు మీద వాళ్లకి బిల్లు అయ్యేలా. పది క్యాన్లు అంటే డీలర్ ఎలాగూ దిగొస్తాడు.

పాలమూరు_చల్క:

ఆ ముంబై కంపెనీలోళ్లు ఆముదం గింజలు నేరుగా కొంటరేమో ఎవరికన్నా తెలిస్తే చెప్పండన్నా, మా దగ్గర దళారీ రేటు చూస్తే ఏడుపొస్తది.

కాంచ్_మెషిన్:

నేరుగా గింజలు కొనరన్నా, నూనె మిల్లుల నుంచి శుద్ధి చేసిన నూనె గానీ రిసినోలిక్ యాసిడ్ గానీ కొంటారు. మీ జిల్లాలో ఎఫ్‌పీవో (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) ఉంటే మిల్లుతో మాట్లాడించండి, ఇది వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ రాస్తా.